డాక్టరు రాసిన బెండకాయలు

ఇవాళ్టి ముచ్చట మా అమ్మతో మొదలెడతాను. ఆవిడ విసిరిన ఓ మాటలోంచే పుట్టింది మరి ఇది.

పోరగా పోరగా సంక్రాంతికి ముందు అమ్మ తెనాలిలో డాక్టరుకు బీపీ చూపించుకొచ్చింది. రాత్రి ఫోన్ చేసి, "ఏమన్నారమ్మా?" అని అడిగాను.

"ఏమంటారే! ఉప్పు తగ్గించమన్నారు. ఆకుకూరలు తినమన్నారు. రోజుకో పండు తినమన్నారు. చెప్పడానికేం, నోరేగా! మాత్రలకి చీటీ రాశారు, మందుల కొట్టతను ఇచ్చాడు. తోటకూరకి చీటీ రాయలేదుగా, ఎవరిస్తారు?" అంది.

పడీ పడీ నవ్వాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ మాట వదల్లేదు. ఎందుకంటే తోటకూరకి చీటీ రాసే డాక్టర్లున్న ఊరు మా ఇంటికి గంట దూరంలోనే ఉంది. పోయిన ఆగస్టులో ఆ చీటీని కళ్లారా చూశాను కూడా.

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో. ఇక్కడ మన తెలుగువాళ్లు బోలెడుమంది. చాలామందికి అన్నం పెట్టేది కార్ల కంపెనీలే. వాటిలో పెద్దదైన జనరల్ మోటార్స్ 1908లో పుట్టింది ఫ్లింట్ అనే ఊళ్లో. నేను చెప్పిన ఊరు అదే. ఫ్యాక్టరీలు జోరుగా నడిచిన రోజుల్లో, 1960లో, ఆ ఊరి జనాభా దాదాపు 2 లక్షలు. 2020 లెక్కల్లో 81 వేలు. జనం వెళ్లిపోయిన ఊళ్లో కొట్లు మాత్రం ఎందుకుంటాయి? సరుకులమ్మే పెద్ద దుకాణాలు ఒక్కొక్కటే తలుపులు మూశాయి. కారు లేని ఇల్లాలికి వీధి చివర చిన్న కొట్టే గతి. అక్కడ చిప్స్ ఉంటాయి, సోడాలుంటాయి. ఆకుకూర కట్ట ఉండదు.

ఇది చాలదన్నట్టు 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గుతుందని ఆ ఊరికి తాగునీటిని ఫ్లింట్ నదికి మార్చారు. ఆ నీళ్లు పైపుల్ని తినేయకుండా కలపాల్సిన మందు కలపలేదు. పాత పైపుల్లోని సీసం కరిగి, కుళాయిల్లోంచి పిల్లల పాలసీసాల్లోకి వచ్చింది. పిల్లల నెత్తుట్లో సీసం పెరిగిందని 2015 సెప్టెంబరులో లెక్కలతో సహా బయటపెట్టింది మోనా హన్నా అటీషా అనే పిల్లల డాక్టరు. అప్పటిదాకా నీళ్లు బాగానే ఉన్నాయని దబాయించినవాళ్లు అక్టోబరులో పాత నీళ్లకు మళ్లారు. కానీ ఒంట్లోకి చేరిన సీసాన్ని వెనక్కి తీసే మంత్రం లేదు కదా! ఖాళీ కడుపు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఇనుము, కాల్షియం, విటమిన్ సి సరిగా అందే ఒంట్లోకి అది తక్కువగా ఎక్కుతుంది. అందుకని ఆ తల్లులకు డాక్టర్లు చెప్పాల్సిన మాట మా అమ్మకు చెప్పిన మాటే. ఆకుకూరలు పెట్టండి, పళ్లు పెట్టండి.

మరి ఎక్కణ్నుంచి తెచ్చి పెడతారు?

ఆ ప్రశ్నకు వాళ్లు వెతికిన జవాబు నాకు భలే నచ్చింది. ఊరి నడిమధ్యన ఫ్లింట్ రైతుల మార్కెట్ ఉంది. హర్లీ ఆసుపత్రివాళ్ల పిల్లల క్లినిక్ 2015లో సరిగ్గా దాని పై అంతస్తులోకి మారింది. పైన డాక్టరు, కింద కూరగాయలు. సిటీ బస్సులు ఆగే చోటు కూడా పక్కనే. 2016 నుంచి ఆ క్లినిక్‌లో చూపించుకున్న ప్రతి బిడ్డకూ, వచ్చిన ప్రతిసారీ, ఓ చీటీ రాసివ్వడం మొదలెట్టారు. మొదట 10 డాలర్లు, తర్వాత 15 చేశారు. దాంతో తాజా పళ్లూ కూరగాయలూ తప్ప ఇంకేమీ రావు. మెట్లు దిగి కొట్లో ఆ చీటీ ఇస్తే సంచీ నిండుతుంది.

ఇంకో సంగతి. ఆ చీటీ ఇవ్వడానికి జీతమెంతని అడగరు. కాగితాలు చూపించమనరు. వచ్చింది పేదబిడ్డా కలిగినబిడ్డా అని చూడరు. మందు రాసేటప్పుడు అలా చూడరు కదా, ఇదీ అంతే.

పోయిన ఆగస్టులో ఓ గురువారం స్నేహితురాలికి తోడుగా ఆ మార్కెట్టుకు వెళ్లాను. నేను బెండకాయలు ఏరుకుంటుంటే పక్కనే ఓ నల్లజాతి అమ్మాయి, పాతికేళ్లుంటాయేమో, తనూ బెండకాయలు విరిచి చూస్తోంది. అచ్చం మనలాగే, కొస పుటుక్కుమనాలి! చంకలో పిల్లాడు. చేతిలో చీటీ. "మీరెలా వండుతారు?" అంది. "నూనెలో వేయించి, కొంచెం కారం, కొంచెం కొబ్బరి" అన్నాను. "మా అమ్మమ్మ మొక్కజొన్న పిండిలో పొర్లించి వేయించేది. ఆవిడది మిసిసిపీ" అంది. బెండకాయ ఆఫ్రికానుంచి బానిస ఓడల కాలంలో అమెరికా దక్షిణాదికి చేరిందని ఎక్కడో చదివినది అప్పుడు గుర్తొచ్చింది. కార్ల ఫ్యాక్టరీల్లో పనికోసం ఆ దక్షిణాదినుంచే ఎన్నో కుటుంబాలు ఫ్లింట్‌కు వచ్చి స్థిరపడ్డాయి. వాళ్లు కాలర్డ్ అనే ఆకుకూరను గంటలకొద్దీ ఉడికించి, ఆ ఉడుకునీళ్లను పారబోయకుండా రొట్టెతో అద్దుకు తింటారు. మన పప్పు కట్టులాంటిదే అది. వంటింటి తెలివి ఏ దేశంలోనైనా ఒకటే, పారబోయకూడదంతే!

కొట్టతను చీటీ తీసుకుని, బెండకాయలూ స్ట్రాబెర్రీలూ సంచీలో వేసి, "బాబుకి మందా?" అని కన్నుగీటాడు. ఆ పిల్ల నవ్వింది. తలదించుకోలేదు. నా కళ్లు అక్కడే ఆగాయి. ఉచితంగా ఏదైనా తీసుకునేటప్పుడు మనిషి మొహంలో కనిపించే ఆ చిన్న ముడుచుకోవడం లేదు. ఎందుకుంటుంది? తన బిడ్డకు డాక్టరు రాసిన మందు తీసుకెళ్తోంది.

మిసిసిపీ అంది చూశారూ, ఈ చీటీ పుట్టుక కూడా అక్కడిదే. 1960ల సంగతి. ఆ రాష్ట్రంలో మౌండ్ బయూ అనే ఊరుంది. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్లు 1887లో తమకోసం తాము కట్టుకున్న ఊరు. చుట్టుపక్కల పత్తి చేలల్లో యంత్రాలొచ్చి కూలీల పనులు ఊడ్చేశాయి. అక్కడ 1967లో జాక్ గైగర్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్లూ ఆరోగ్య కేంద్రం తెరిచారు. వచ్చే పిల్లలకు విరేచనాలు, ఇన్‌ఫెక్షన్లు. అన్నిటికీ వెనక ఉన్న జబ్బు ఆకలి. డాక్టర్లు ఏం చేశారంటే, మందుల చీటీల మీదే పాలు, కూరగాయలు, మాంసం అని రాసిచ్చారు. దగ్గరి కిరాణా కొట్లవాళ్లు ఆ చీటీలు తీసుకుని సరుకులిచ్చి, బిల్లు ఆరోగ్య కేంద్రానికి పంపేవాళ్లు. కేంద్రంవాళ్లు మందుల పద్దులోంచి కట్టేవాళ్లు.

ఈ సంగతి పైకి తెలిసి వాషింగ్టన్‌లో అధికారులు మండిపడ్డారు. మందుల డబ్బుతో సరుకులేమిటి, మందుల పద్దు ఉన్నది జబ్బులు నయం చేయడానికి కదా అన్నారు. గైగర్ తాపీగా, నేను చదివిన వైద్య పుస్తకాల్లో ఆకలి జబ్బుకు రాసిన మందు తిండేనండీ అన్నాడట. ఆ అధికారులు ఇంక నోరెత్తలేదు. చీటీతో ఆగలేదు ఆ ఊరివైపువాళ్లు. వందల కుటుంబాలు కలిసి సహకార వ్యవసాయం పెట్టుకుని, పత్తి పండిన నేలలో తమ తిండికి కూరగాయలు పండించుకున్నాయి. గైగర్ 2020లో, 95వ ఏట పోయాడు.

ఇంకో కథ కూడా చెప్పనివ్వండి, ఇది పియర్ పళ్ల కథ. 1980లో బోస్టన్ రైతుల సంతలో గస్ షూమాకర్ అనే ఆయన రైతైన తన సోదరుడికి సాయంగా పళ్లమ్ముతున్నాడు. సర్దుతున్న పెట్టె ఒకటి విరిగి పళ్లు రోడ్డు పక్క కాలవలోకి దొర్లాయి. చూస్తుండగానే ఓ తల్లి వంగి ఆ పళ్లేరుకుంటోంది. సర్కారిచ్చే ఫుడ్ స్టాంపుల మీద బతుకుతున్నామనీ, పిల్లలకు తాజా పళ్లు కొనే స్తోమత లేదనీ చెప్పిందట. ఆ దృశ్యం ఆయన్ను వదల్లేదు. తర్వాత్తర్వాత వ్యవసాయ శాఖలో పెద్ద పదవి దాకా వెళ్లినా మర్చిపోలేదు. 2007లో మిషెల్ నిషాన్ అనే వంటమాస్టరుతో కలిసి హోల్‌సమ్ వేవ్ అనే సంస్థ పెట్టాడు. 2010లో ఆ సంస్థ డాక్టర్ల చేత పళ్లకూ కూరగాయలకూ చీటీలు రాయించడం మొదలెట్టింది. షూమాకర్ 2017లో కన్నుమూశాడు. మరుసటేడు అమెరికా వ్యవసాయ చట్టంలో ఈ చీటీలకు ప్రభుత్వ సొమ్ము కేటాయించి, ఆ పథకానికి ఆయన పేరే పెట్టారు. కాలవలోంచి ఏరుకున్న పళ్లు చట్టం దాకా రావడానికి 38 ఏళ్లు పట్టింది!

అమెరికాలో ఆకలేమిటక్కా అంటారేమో. 2023 ప్రభుత్వ లెక్కల్లోనే నూటికి 13.5 ఇళ్లలో, అంటే సుమారు 1 కోటి 80 లక్షల ఇళ్లలో, ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు తిండికి కటకట. ఇక్కడి ఆకలి డొక్కలెండి కనిపించదు. ఒక్కోసారి లావెక్కి కనిపిస్తుంది. చేతిలో నాలుగు డాలర్లుంటే కడుపు నింపేది నూడిల్స్ పొట్లాలూ చిప్సూ. పండు కొంటే పిల్లాడికి గంటలో మళ్లీ ఆకలేస్తుంది. ఆ లెక్క తెలిసిన తల్లి పండు కొనదు, అది ఆవిడ తెలివితక్కువ కాదు.

మరి ఎవరింట్లో కటకట ఉందో డాక్టరుకెలా తెలుస్తుంది? చాలాచోట్ల రెండంటే రెండు ప్రశ్నలడుగుతారు. గడిచిన ఏడాదిలో ఎప్పుడైనా, మళ్లీ డబ్బు చేతికొచ్చేలోపు తిండి అయిపోతుందేమోనని దిగులుపడ్డారా? తెచ్చుకున్నవి అయిపోయి, మళ్లీ కొనడానికి డబ్బు లేకపోయిందా? దేనికైనా "అప్పుడప్పుడూ" అన్నా సరే, ఆ ఇంట్లో కటకట ఉన్నట్టే లెక్క. 2010లో తయారైన ఈ ప్రశ్నల్ని ప్రతి బిడ్డ విషయంలోనూ అడగమని 2015లో ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం చెప్పింది. ప్రశ్న తిరగేసి చూడండి. "మీరు పేదవాళ్లా?" అని లేదు. "దిగులుపడ్డారా?" అని ఉంది. ఆడదాన్ని పేదరికం గురించి అడిగితే తలుపేసుకుంటుంది. దిగులు గురించి అడిగితే కుర్చీ లాక్కుని కూర్చుంటుంది.

సరే, చీటీలు రాస్తే సరిపోయిందా, ఒంటికేమైనా పట్టిందా? 12 రాష్ట్రాల్లో 22 చోట్ల దాదాపు 4 వేలమంది మీద లెక్కలు తీసి 2023లో ప్రచురించారు. నెలకు సుమారు 63 డాలర్ల కూరగాయలు, 4 నుంచి 10 నెలలపాటు. పెద్దవాళ్లు రోజుకు ముప్పావు కప్పు పైనే ఎక్కువ తిన్నారు. రక్తపోటు ఉన్నవాళ్లకు అది తగ్గింది. షుగరున్నవాళ్లకు రక్తంలో చక్కెర మూడు నెలల సగటు కాస్త దిగింది. తిండికి దిగులుపడే ఇళ్లు మూడో వంతు తగ్గాయి. ఇదంతా విని నేను చప్పట్లు కొట్టేదాన్నే. కానీ అదే ఏడాది డిసెంబరులో ఇంకో పరీక్ష ఫలితం వచ్చింది. షుగరు బాగా ఉన్న 465 మందిని చీట్లేసి రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఇంటిల్లిపాదికీ వారానికి 10 భోజనాల సరుకులూ, పోషకాహార నిపుణుల సలహాలూ ఇచ్చారు. రెండో జట్టుకు మామూలు వైద్యమే. ఆరు నెలల తర్వాత చూస్తే మొదటి జట్టుకు ఆ సగటు 1.5 తగ్గింది, రెండో జట్టుకు 1.3. తేడా అంతంతే! మొదట చెప్పినలాంటి, పోల్చిచూసే జట్టు లేని లెక్కలు కొంచెం తీపిగానే వస్తాయి, వాటిని ఉప్పు చల్లుకునే తినాలి.

అయితే పథకం దండగేనా? నాకలా అనిపించదు. తిండి మాత్రలాంటిది కాదు, వేసుకున్న గంటకు జ్వరం దిగడానికి. నలభై ఏళ్లు తిన్న తిండి ఆరు నెలల చీటీకి లొంగుతుందా? పైగా ఆర్నెల్లయ్యాక చీటీ ఆగిపోతే ఆ ఇల్లు మళ్లీ చిప్స్ దగ్గరికే. ఇంకా ఉన్నాయి తిరకాసులు. ఫ్లింట్ మార్కెట్ వారంలో మూడు రోజులే తెరుస్తారు, డాక్టరు సోమవారం చూస్తే చీటీ సంచిలో నలుగుతుంది. స్టవ్ పనిచేయని ఇంటికి గుమ్మడికాయ ఎందుకు? వండడం రాని పిల్ల కేల్ ఆకునేం చేసుకుంటుంది? అందుకే ఆ మార్కెట్లోనే పిల్లలకు వంట నేర్పే తరగతులు పెట్టారు, పెట్టెలు ఇళ్లకు పంపే ఏర్పాటూ చేశారు. ఆ మోనా డాక్టరైతే ఇంకో అడుగు వేసింది. 2024 జనవరి నుంచి ఫ్లింట్‌లో ప్రతి గర్భిణికీ 1,500 డాలర్లు, బిడ్డ పుట్టాక ఏడాదిపాటు నెలకు 500 డాలర్లు. దానికి పెట్టిన పేరు ఆర్‌ఎక్స్ కిడ్స్. ఆర్‌ఎక్స్ అంటే మందుల చీటీ మీద మొట్టమొదట గీసే గుర్తే. డబ్బుకే చీటీ రాసేసిందన్నమాట!

ఇప్పుడు మన గుమ్మంలోకి రండి. మనకిదంతా కొత్తేం కాదు. మందుతోపాటు పథ్యం చెప్పడం మన వైద్యులకు తరతరాలుగా ఉన్నదే. కానీ పథ్యం చెప్పేది ఒకరు, తెచ్చుకునేది ఇంకొకరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్లు కావాలి. నలుగురున్న ఇంటికి రోజుకు 2 కిలోలు! కూలికెళ్లే తల్లికి ఈ తూకం చెప్పి పంపేస్తే అది వైద్యమా, వెక్కిరింతా? క్షయ రోగులకు మాత్రం ఈ సంగతి సర్కారుకు తట్టింది. 2018 నుంచి తిండి కోసం నెలకు 500 రూపాయలిచ్చేవాళ్లు, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. జార్ఖండ్‌లో క్షయ ఉన్న ఇళ్లకు బియ్యం, పప్పులు నెలనెలా ఇచ్చి చూస్తే, ఇంట్లో మిగతావాళ్లకు ఆ జబ్బు కొత్తగా రావడం 39 శాతం తగ్గింది. 2023లో వచ్చిన ఫలితమిది. తిండి మందే, కాకపోతే ఆ మందుకు కొట్టు ఉండాలి, ఆ కొట్టుకు ఎవరో డబ్బు కట్టాలి.

విదేశాల్లో ఉన్న చెల్లెళ్లకు ఓ మాట. ఉద్యోగం పోయో, కాపురం చెడో చేతిలో డబ్బాడని రోజులు మనవాళ్లకూ వస్తాయి. క్లినిక్‌లో ఆ రెండు ప్రశ్నలడిగితే "అబ్బే, మాకేం లోటు" అనకండి. మనకు నేర్పిన గొప్ప అబద్ధమది. అందరికీ వడ్డించి, గిన్నె అడుగు గీరుకుని, నాకాకలి లేదనడం. డాక్టరు దగ్గర కూడా అదే పాడితే చీటీ ఎవరికి రాస్తుంది?

మా అమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. ఆవిడకు డబ్బు లోటు లేదు. ఫ్లింట్ తల్లుల కష్టంతో పోల్చడానికి నాకే సిగ్గు. కానీ మోకాళ్లు పట్టేసిన డెబ్భై రెండేళ్ల మనిషి ఒక్కతికోసం మార్కెట్టుకెళ్తుందా? రోజూ "తిన్నావా?" అని అడుగుతాను. తిన్నానంటుంది. మొన్న ప్రశ్న మార్చి, "ఏం కూర?" అన్నాను. అటునుంచి చప్పుడు లేదు. కాసేపాగి, "ఒక్కదానికి కూరేమిటే, మాగాయుంది, మజ్జిగుంది" అంది. బీపీకి ఉప్పు తగ్గించమంటే మాగాయ!

అమ్మ ఉండే వీధిలోకి కూరల బండి తెచ్చే మనిషి ఫోన్ నంబరు పక్కింటి పిన్నిగారి దగ్గర పట్టుకున్నాను. నెల డబ్బు ముందే పంపి, రోజు విడిచి రోజు రెండు కట్టల ఆకుకూర, అరకిలో ఏదైనా కూర, రెండు పళ్లు గుమ్మంలో ఇమ్మన్నాను. మూడోనాడు అమ్మ ఫోనులో నిప్పులు చెరిగింది. "నేనేమన్నా అడుక్కున్నానా? వీధిలో అందరూ చూస్తుండగా ఊరికే ఇచ్చిపోతోంది!"

మార్కెట్లో ఆ పిల్ల తలెత్తుకున్న మొహం గుర్తొచ్చింది. "ఊరికే కాదమ్మా. నీ డాక్టరు చెప్పిన మందే అది. నువ్వేగా తోటకూరకి చీటీ ఎవరిస్తారన్నావు? నేను రాశాను" అన్నాను.

కాసేపు గొణిగింది. తర్వాత, "సర్లే. మందంటున్నావు గనక వేసుకుంటాను. మాత్రలాగే రెండు పూటలా వేసుకోవాలా, పొద్దున ఒక్కసారే చాలా?" అంది.